ముందే చెప్పిన స్తోత్రం

కర్నూలు,
అక్టోబరు 14

జీవమ్మ వదినకు, జ్యోతి కోపంగా రాస్తున్నది.

క్షేమసమాచారాలు తర్వాత. ముందు ఒక్క సంగతి అడుగుతాను, తిన్నగా జవాబు చెప్పు. మన గుండ్లవంకపల్లె చెరువులోకి నీళ్లు ఎప్పుడొచ్చాయి వదినా? నాకు తెలిసినంతవరకు ఆగస్టులో మోటార్లు తిప్పి చూసిన రోజు కాలువలో నీళ్లు పారాయి, వంక దగ్గరికి వచ్చాయి, దాటడానికి దారి లేక వంకలోకే దూకి పోయాయి. వంక మీద కట్టాల్సిన వంతెన కాలువకు ఇంకా పునాది కూడా తియ్యలేదు. చెరువులో చుక్క పడలేదు. జరిగింది ఇదే కదా?

మరి మా ఆఫీసులో మన ఎత్తిపోతల పథకం 'పూర్తయిన పనుల' జాబితాలో ఎందుకుంది?

నీకు తెలుసు, రెండు జిల్లాల సాగునీటి పనులకు వచ్చే బడ్జెట్‌లో ఎంతెంత కావాలో రాసి పైకి పంపేది మా సెక్షనే. నడుస్తున్న పనులకే డబ్బు అడుగుతాం. పూర్తయిన పనికి అడగడమంటే పెళ్లయిన పిల్లకు సంబంధం చూడటమే. అందుకని ఫైలు తెప్పించి చూశాను. పని పూర్తయిందనడానికి రుజువుగా అందులో ఒక పసుపు రంగు కరపత్రం అంటించి ఉంది. 'గుండ్లవంకపల్లె చెరువును నీళ్లతో నింపిన దేవాదిదేవునికి కృతజ్ఞతా కూడిక. అందరూ ఆహ్వానితులే.' అడుగున అధ్యక్షురాలు, స్త్రీల సమాజం అని నీ పేరు. దాని పక్కన ఎవరో మహానుభావుడు 'లబ్ధిదారులు సంతృప్తి వ్యక్తం చేసియున్నారు' అని రాసి సంతకం గిలికాడు.

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. చుట్టూ అందరూ ఉన్నారని ఊరుకున్నాను.

ఫోను చెయ్యకుండా ఉత్తరమెందుకంటావేమో. ఫోనులో నేను అరుస్తాను, నువ్వు ఏడుస్తావు, మధ్యలో అన్న లాక్కుని కర్నూల్లో ఉల్లిగడ్డ ఎంతుందని అడుగుతాడు. చెప్పాల్సింది అలాగే ఉండిపోతుంది. కాబట్టి నువ్వు కూడా ఉత్తరమే రాయి. తొందరగా రాయి.

నీ ఆడబిడ్డ,
ప్రేమజ్యోతి

•

గుండ్లవంకపల్లె,
అక్టోబరు 21

జ్యోతికి, వదిన ప్రేమతోనే రాస్తున్నది. ఇంట్లో ఒకరికైనా ప్రేమ ఉండాలి కదా.

నీ ఉత్తరం విప్పగానే మంట తగిలింది. కర్నూలు ఎండల్లో ఉన్నదానివి, నిన్ననుకుని ఏం లాభం.

ఆదివారం బడికి పోయి బహుమతులు తెచ్చుకున్న దానివి, నీకు నేను చెప్పాలా? అడిగింది దొరికిందని నమ్మి ముందుగానే స్తుతించడం మన సంఘంలో కొత్తగా వచ్చిందా? నీకు ఉద్యోగం రాకముందే అత్తమ్మ కృతజ్ఞతా కూడిక పెట్టించి ఊరందరికీ అన్నం పెట్టింది. నువ్వు ముందు వరుసలో కూర్చుని తిన్నావు. అప్పుడు నీకు ఇవేవీ తప్పనిపించలేదు. కాలువలో నీళ్లు పారడం మేమందరం కళ్లారా చూశాం. వంక దాకా తెచ్చినవాడు వంక దాటించడా అనుకున్నాం. స్తోత్రం చెప్పాం. కరపత్రంలో 'నింపబోతున్న' అని వేయించడానికి నాకు మనసొప్పలేదు. బోతున్న అంటే అపనమ్మకం కదా.

నాగలక్ష్మమ్మ కూడా నీలాగే దెప్పింది. ఆమె పొలం కూడా మన చెరువు కిందే కదా. "ఏమ్మే జీవమ్మా, మీ దేవునికి అంత తొందరేంది? మేమైతే మొక్కుకుంటాము, పని అయినాక తీరుస్తాము. పని కాకముందే టెంకాయ కొడితే ఇంగ ఆయప్పకు పనేముండాది?" అంది. ఆ రోజు కూడికలో రెండోసారి కూర పెట్టించుకుని తిన్నది మాత్రం ఆమే.

మీ అన్న బద్వేలులో సిమెంటు గోడౌనుకు పోతున్నాడు. మూటలు దించే పని. శనివారం రాత్రికి వస్తాడు, సోమవారం పొద్దున బస్సుకు పోతాడు. నడుముకు బెల్టు కట్టుకుని గుడికి వస్తున్నాడు. పాటకు అందరూ లేచి నిలబడితే ఆయనొక్కడు కూర్చునే పాడతాడు. ఏమన్నా అంటే "చెరువు ఒక్కసారి నిండనీ మే, మళ్లా ఈ మూటలు ఎవడు మోస్తాడు" అంటాడు. బోరు ఎండినప్పటి నుంచి ఇదే మాట.

ఒక కాగితం చూసి ఇంత కంగారు పడకు. జాబితాలో పేరు మార్చడం నీ చేతిలో పనే కదా.

జీవమ్మ

•

కర్నూలు,
నవంబరు 3

వదినా,

నా చేతిలో పని కాదు. నేను సీనియర్ అసిస్టెంటును. నా చేతిలో ఉన్నవి ఒక పెన్ను, ఒక పాత కంప్యూటరు, అరువు తెచ్చుకున్న కుర్చీ.

సంగతి నీకు ఎక్కినట్టు లేదు, కాబట్టి విడమర్చి రాస్తున్నాను. జనవరిలోగా మన పథకం 'నడుస్తున్న పనుల్లోకి' రాకపోతే బడ్జెట్‌లో దాని పద్దు మూసేస్తారు. పద్దు మూస్తే వంతెన కాలువ ఇక ఎన్నటికీ కట్టరు. అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. పని అయిపోయిన చోట అన్ని మోటార్లు ఎందుకని, వాటిని కోయిలకుంట్ల వైపు ఇంకో పథకానికి ఇమ్మని అడుగుతున్నారు. మోటార్లు ఎత్తుకుపోయాక మనకు మిగిలేది ఖాళీ గది, ఎండిన కాలువ. అన్న జీవితాంతం మూటలే మోస్తాడు. ఇప్పుడైనా ఎక్కిందా?

దారి ఒక్కటే ఉంది. చెరువుకు నీళ్లు రాలేదని, కరపత్రంలో రాసింది వాస్తవం కాదని, సంఘ పెద్దలు, స్త్రీల సమాజం కలిసి ఒక కాగితం మీద సంతకాలు పెట్టి పంపండి. నేను ఫైలులో పెట్టిస్తాను. పావుగంట పని.

మరొకటి. ఫైలులో మోటారు గది ఫోటో ఉంది. గుమ్మం పక్కన గోడకు ఏదో నల్లబండ తాపడం చేసినట్టు కనిపిస్తోంది. దాని మీద అక్షరాలున్నాయి. అదేమిటి?

ప్రేమజ్యోతి

•

గుండ్లవంకపల్లె,
నవంబరు 12

జ్యోతమ్మా,

ఆ బండ సంగతి రాయలేదు కదూ. రాస్తే అరుస్తావని రాయలేదు.

'ప్రభువు ఈ చెరువును నీళ్లతో నింపెను' అని చెక్కించాం. కింద ఆగస్టు తారీకు వేయించాం. చెక్కించింది మనవాళ్లు, బండ ఊరికే ఇచ్చింది నాగలక్ష్మమ్మ కొడుకు భూపేష్, వాళ్ల గనిలోది. తొందర మా దేవుడికి ఒక్కడికేనా అని నేను కూడా ఆమెను అడిగాను. అప్పటినుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు.

నువ్వు అడిగిన కాగితం మాట పెద్దల దగ్గర పెట్టాను. పాస్టరు దావీదురాజుగారు చాలాసేపు గడ్డం గోక్కున్నారు. "స్తోత్రం ఎనక్కి తీసుకునే పద్ధతి యాడా లేదమ్మా. ఇచ్చింది ఇచ్చిందే. అది వాస్తవం కాదని మనమే రాసిస్తే, ఇంగ ఏ మొగం పెట్టుకుని మళ్లా అడిగేది?" అన్నారు. పెద్దలందరూ తలలూపారు.

నిన్ను నొప్పించాలని కాదు, నేను కూడా సంతకం పెట్టను. పెట్టిన తర్వాత నీళ్లు రాకపోతే, నేను అబద్ధమని రాసినందుకే రాలేదని చచ్చేదాకా అనిపిస్తుంది. నీకది పావుగంట పని. నాకు కాదు.

మీ అన్నకు మోటార్ల సంగతి చెప్పలేదు. పోయిన వారం మూటతో జారి కూర్చుండిపోయాడంట. తోటి కూలీ చెప్పాడు, ఆయన చెప్పలేదు. నేను అడిగితే "యాడ, ఎవరు చెప్పినారు, ఏమీ లేదు" అన్నాడు. ఒకరికొకరం దాచుకుంటున్నాం. నాకు భయంగా ఉంది జ్యోతీ. సంతకం ఒక్కటి తప్ప ఇంకేదైనా దారి చూడు. నీ కాళ్లు పట్టుకుంటాననుకో.

జీవమ్మ

•

కర్నూలు,
నవంబరు 24

వదినా,

నా కాళ్లు వదిలేయి, నేను ఇప్పటికే అందరి కాళ్లూ పట్టుకుని ఉన్నాను.

వారం రోజులు తిరిగి, కాళ్లావేళ్లా పడి మా ఇంజినీరుగారిని ఒప్పించాను. ఆయనే వచ్చి చెరువు చూస్తారు. ఎండిన చెరువును చూసి ఎండిందని రాస్తే చాలు, మీ సంతకాలతో పని లేదు. మీ దేవుడికీ మా ఫైలుకూ గొడవ లేకుండా తీరిపోతుంది. డిసెంబరులో ఒక బుధవారం వస్తామన్నారు.

చేతులెత్తి వేడుకుంటున్నాను, ఏమీ చెయ్యకండి. దండలు వద్దు, శాలువా వద్దు. కోడిని కొయ్యకండి. ఫ్లెక్సీ కట్టకండి, 'సుస్వాగతం' అని కూడా రాయకండి, అందులోంచి ఏం అర్థం తీస్తారో తెలియదు. ఆ బండ మీద గోనెసంచి కప్పండి. చెరువును చెరువులాగా వదిలెయ్యండి. ఏమీ చెయ్యకుండా ఉండటం మన ఊరికి చేతకాదు, నాకు తెలుసు, అందుకే ఇంత బతిమాలుతున్నాను.

అన్నను గోడౌను మానెయ్యమని చెప్పు. మానడని తెలిసి కూడా రాస్తున్నాను.

ప్రేమజ్యోతి

•

కర్నూలు,
డిసెంబరు 18

వదినా,

ఇంజినీరుగారి తనిఖీ నివేదిక ఈ రోజు నా బల్ల మీదికి వచ్చింది. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

'చెరువునందు నీరు గలదు. సుమారు మొల లోతు. గ్రామస్థులు అందు స్నానములు చేయుచుండిరి. పాటలు పాడుచుండిరి.'

స్నానాలా వదినా?

నాకు రాయడానికి ఇంకేమీ లేదు. ఓపిక కూడా లేదు.

ప్రేమజ్యోతి

•

గుండ్లవంకపల్లె,
డిసెంబరు 27

జ్యోతమ్మా,

క్రిస్మస్ మన ఇంట్లో ఎలా గడిచిందో అడగకు. నీ ఉత్తరం ముందురోజే వచ్చింది.

అవి స్నానాలు కాదు, బాప్తిస్మాలు. మనది ముంచి ఇచ్చే సంఘం, తలమీద చిలకరించేది కాదు. ప్రతి డిసెంబరులో ఇస్తామని నీకు తెలియదా? నీక్కూడా ఆ తూము ముందరి గుంటలోనే ఇచ్చారు. అప్పుడు వాననీళ్లు ఉండేవి. ఇప్పుడు అవి లేవు కాబట్టి తలా ఇంత వేసుకుని బద్వేలు నుంచి ట్యాంకరు తెప్పించి గుంట నింపాం. నలుగురు పిల్లలు దిగేంత గుంట. మిగతా చెరువంతా నెర్రెలు బారి ఉంది, అటు తిరిగి చూస్తే గొర్రెలు మేస్తున్నాయి.

బుధవారం వస్తానన్న మనిషి ఆదివారం వచ్చాడు. బద్వేలులో చుట్టాల పెళ్లికి వచ్చి, పనిలో పనిగా చూసి పోదామని ఇటు తిరిగాడంట. పట్టుచొక్కా మీద ఉన్నాడు. కట్ట మీదనే కారు ఆపాడు, దిగలేదు. నేను తడిచీరతోనే పరుగెత్తుకుంటూ పోయాను. "సార్, అవి ట్యాంకరు నీళ్లు సార్, చెరువులోకి ఒక చుక్క రాలేదు" అన్నాను. ఆయన అద్దం దించి "శానా సంతోషంగా ఉండారమ్మా మీరందరూ, మంచిది" అని చెయ్యి ఊపి పోయాడు. పాస్టరుగారు ఆ సమయానికి ఒక పిల్లవాణ్ణి నీళ్లలో ముంచి పట్టుకుని ఉన్నారు. కారు చూస్తూ వాణ్ణి లేపడం మరిచిపోయారు. వాడు తన్నుకుంటే అప్పుడు లేపారు.

నువ్వు నవ్వుతావని ఇది రాయడం లేదు. నవ్వితే నవ్వు.

ఆ సాయంత్రం మీ అన్నకు అన్నీ చెప్పాను. మోటార్ల సంగతి, పద్దు సంగతి, నువ్వు పడుతున్న అగచాట్లు. బెల్టు విప్పి మళ్లీ కట్టుకున్నాడు. "అయితే చెరువు నిండదంటావు" అన్నాడు. అరిచినా బాగుండేది. మూడేళ్లుగా ఆ మాట మీదనే మూటలు మోస్తున్న మనిషి. నాకు ఒళ్లు మండిపోయింది. మొదట నా మీద మండింది, తర్వాత మీ ఆఫీసు మీద. ఎంతసేపటికీ అది ఆరలేదు. కాబట్టి కూర్చుని ఒక కాగితం రాశాను. నువ్వు అడిగిన కాగితం కాదు. ఇది మీ పెద్దసారుకు ఇవ్వు. సంఘమంతా సంతకం పెట్టింది. నాగలక్ష్మమ్మ కూడా వచ్చి, "నాది గూడా రాయి మే" అని వేలిముద్ర వేసింది. నకలు ఇక్కడే రాస్తున్నాను.

'అయ్యా, మేము స్తోత్రం చెప్పింది దేవునికి. కరపత్రం వేసింది ఆయన పేరు మీద. మీకు ఎవరమూ పంపలేదు. అది మీ ఫైలులోకి ఎట్లా వచ్చిందో మాకు తెలియదు. ఆయనకు ముందుగా చెప్పినా చెల్లుతుంది, మీకు చెల్లదు. ఆయన ఇస్తాడని మేము నమ్మినాము. మీరు ఇచ్చినారని ఎక్కడా అనలేదు. మా స్తోత్రంలో ఒక్క మాట కూడా మేము వెనక్కి తీసుకోము. వేరొకరికి చెందిన స్తోత్రాన్ని మీరు తీసుకుని పని చేసినట్టు రాసుకున్నారు. దానిని దయచేసి ఫైలులోనుండి తీసి మాకు తిరిగి పంపవలెను. తర్వాత మీరు చేసిన పని ఎంతో, ఆ మిగిలిన ఫైలులో చూసుకొనవలెను.'

తప్పులుంటే దిద్దకు. అలాగే ఇవ్వు.

జీవమ్మ

•

కర్నూలు,
ఫిబ్రవరి 20

వదినా,

ఇన్నాళ్లూ రాయనందుకు తిట్టుకుని ఉంటావు. తేలేదాకా రాయకూడదనుకున్నాను. ఊరికే ఆశ పెట్టడం ఇప్పటికే ఎక్కువైంది.

నీ కాగితం నేనే లోపలికి తీసుకుపోయాను. పెద్దసారు ఒకసారి చదివారు, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివారు. "ఎవరీ జీవమ్మ?" అన్నారు. మా వదిన అని చెప్పే ధైర్యం నాకుందని ఆ క్షణం దాకా నాకు తెలియదు. చెప్పాను. ఆయన ఫైలు తెరిచి, ఆ పసుపు కాగితాన్ని అంచులు చిరగకుండా తానే ఊడదీశారు. కింద ఏముందో చూశారు. ఏమీ లేదు. కొలతల పుస్తకం లేదు, పూర్తయినట్టు ధ్రువపత్రం లేదు, వంతెన కాలువ గురించి ఒక్క ముక్క లేదు. తనిఖీ నివేదికలోని మొల లోతు నీళ్లు ట్యాంకరువని నేనే చెప్పాను. ఆ కరపత్రం ఒక్కటే మొత్తం పథకాన్ని పట్టుకుని నిలబెట్టింది. ఇంజినీరుగారిని పిలిపించి ఏమన్నారో నేను వినలేదు, తలుపు వేసి ఉంది. బయటికి వచ్చినప్పుడు ఆయన నన్ను చూడకుండా పోయారు. ఇక నుంచి ఆయన దగ్గర నాకు సెలవు దొరకదు.

మన పథకం నడుస్తున్న పనుల్లోకి వచ్చింది. పద్దు మూయలేదు. మోటార్లు కదిలించకూడదని ఆర్డరు పోయింది.

ఇప్పుడు అసలు సంగతి. ఎంత ఇచ్చారని అడుగుతావు. వెయ్యి రూపాయలు.

సున్నాలు మరిచిపోలేదు వదినా. వెయ్యే. దీన్ని టోకెన్ అంటారు. డబ్బు లేనప్పుడు పద్దు చచ్చిపోకుండా ఒక అంకె వేసి ఉంచుతారు. ఆ వెయ్యితో వంక మీద నాలుగు ఇటుకలు కూడా పడవు. వచ్చే సంవత్సరం మళ్లీ మొదటినుంచి పోట్లాడాలి. పుస్తకంలో ఆ గీత చూసి బాత్‌రూములోకి పోయి ఏడ్చాను. సంతోషమో ఉక్రోషమో నాకే తెలియలేదు. బయటికొచ్చి మొహం కడుక్కుని మిగతా పద్దులు సరిచూశాను.

అన్నకు ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. నువ్వే చెప్పు. కరపత్రం ఈ కవరులోనే పెడుతున్నాను.

ప్రేమజ్యోతి

•

గుండ్లవంకపల్లె,
మార్చి 4

జ్యోతికి,

కరపత్రం చేరింది. వెనక జిగురు అంటుకుని ఉంది, మీ ఆఫీసు ముద్ర ఒకటి పడి ఉంది. బైబిల్లో పెట్టుకున్నాను.

మోటార్ల కోసం క్రేనుతో లారీ వచ్చింది. వాచ్‌మన్ ఆర్డరు చూపించాడు. డ్రైవరు ఎవరికో ఫోన్లు చేసి, చెట్టు నీడన అన్నం తిని వెనక్కి పోయాడు. నాగలక్ష్మమ్మ, నేను ఆ గది గుమ్మంలోనే కూర్చుని చూశాం. ఇప్పుడు నాతో మాట్లాడుతోంది. "వెయ్యి రూపాయలంటనే? మా హుండీలో ఇంతకన్నా ఎక్కువ పడతాది" అంది.

నాకు నీ మీద కోపం లేదు. మీ ఆఫీసు మీద మాత్రం నవ్వు వస్తోంది, ఏడుపు కూడా వస్తోంది. లేని నీళ్లకు స్తోత్రం చెప్పామని ఆరు నెలలు మమ్మల్ని తిప్పారు. ఇప్పుడు లేని డబ్బుకు వెయ్యి రూపాయలు రాసి, పని నడుస్తున్నట్టే నమ్ముతున్నారు. మా సంఘంలో కూడా ఇంత విశ్వాసం గలవాళ్లు లేరు. మీ పెద్దసారును ఒక ఆదివారం ఇటు తీసుకురా, సాక్ష్యం చెప్పిద్దాం.

మీ అన్నకు శనివారం చెప్పాను. "వెయ్యా" అన్నాడు. మళ్లీ "వెయ్యేనా" అన్నాడు. నడుము పట్టుకుని నవ్వాడు, నవ్వితే నొప్పి పుట్టి ఆపాడు. కాసేపటికి, "మోటార్లు ఉండాయి కదా మే. ఉండనీ. ఇంగో ఏడాది మోస్తా" అన్నాడు. నేను వంటింట్లోకి పోయాను. ఆయన ముందు ఏడవకూడదనుకున్నాను.

ఆదివారం కూడికలో పాస్టరుగారు పద్దు నిలిచిన సంగతి చెప్పి, కృతజ్ఞతా ప్రార్థన జీవమ్మగారు చేస్తారు అన్నారు. లేచాను. ఎప్పుడూ నాకు మాటలు వెతుక్కోవలసిన పని లేదు, నీకు తెలుసు కదా, ఒకసారి మొదలుపెడితే పొయ్యి మీద అన్నం మాడేదాకా ఆపను. ఆ రోజు కళ్లు మూసుకుంటే ముందు వరుసలో మీ అన్న మాత్రమే కనపడ్డాడు, అందరూ నిలబడి ఉంటే ఆయనొక్కడు బెల్టుతో కూర్చుని ఉన్నాడు. ఇచ్చావు, నింపావు, చేశావు అని నోటికి రాలేదు.

"నీళ్లు ఇయ్యి" అన్నాను. అంతే అని కూర్చున్నాను.

చాలాసేపు ఎవరూ ఆమెన్ అనలేదు. తర్వాత మీ అన్న అన్నాడు.

జీవమ్మ